మాటకు ముందు ఊపిరి

ప్రియమైన అమ్మకు,

నీ వాగుడుకాయ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. అక్కడ పిన్నివాళ్ళింట్లో నీ గొంతు కులాసా అనీ, దాని వెనకాల నువ్వు కూడా కులాసా అనీ తలుస్తాను. మన ఇంట్లో క్షేమసమాచారాలు ఎప్పుడూ ఆ వరుసలోనే కదా అడుగుతాం. నాన్న నిన్న ఫోన్ చేశాడు. కళ్ళజోళ్ళ షాపుకి కొత్త బోర్డు పెట్టించాడట, తీరా చూస్తే అక్షరాలు మరీ చిన్నవైపోయాయట. "మంచిదేగా నాన్నా, అది కనపడనివాళ్ళే కదా లోపలికి రావాల్సింది" అన్నాను. నవ్వలేదు. బియ్యం సంగతీ, కుళాయి సంగతీ అన్నీ అయ్యాక, ఫోన్ పెట్టేసే ముందు ఉన్నట్టుండి నవ్వాడు. ఆయనకి జోకు అందేసరికి మనం ఇంకో ఊరు దాటేసి ఉంటాం. నాన్న ఇంకో మాట కూడా అన్నాడు. అది తర్వాత రాస్తాను.

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపడం, మళ్ళీ మొదలుపెట్టడం, ఇదే పనిగా ఉంది. నా రూమ్మేట్ విసుక్కుంటోంది. లెక్కలు చదువుతుందని దాన్ని అందరం లెక్కలమ్మ అంటాం. "ఒసేయ్, మీ అమ్మకి రాస్తున్నావా, ప్రభుత్వానికి రాస్తున్నావా?" అంటుంది. రికార్డింగ్ ఉన్నన్నాళ్ళూ నువ్వు స్టూడియో బయట నోరు విప్పవంటే దానికి ఇప్పటికీ నమ్మకం లేదు. "కన్నకూతురితో ఫోన్లో కూడా మాట్లాడదా? అది గొంతా, లాకర్లో పెట్టుకునే నగా?" అంది. చిన్నప్పుడు పలక మీద రాసి నన్ను తిట్టేదానివని చెబితే పడీపడీ నవ్వింది. "అన్నం తిను" అని రాసేదానివి. నేను కదలకపోతే దాని కింద గీత. అప్పటికీ కదలకపోతే ఇంకో గీత. దానికీ లొంగకపోతే పలక పక్కన పడేసి, ముక్కుతో గట్టిగా ఒక ఊపిరి లాగేదానివి. అంతే, నేనే కాదు, ఏ తప్పూ చేయని నాన్న కూడా సర్దుకుని కూర్చునేవాడు. తిట్టు రాకముందే ఆ ఊపిరి వచ్చి పని పూర్తిచేసి వెళ్ళిపోయేది.

సరే, నీ ప్రశ్నలకి వస్తాను. నువ్వు రాసింది మళ్ళీ నా ముందు పెట్టుకున్నాను. "ఈ రెండో భాగం సినిమాలో నేను చూసింది ఆ హీరోయిన్ నోరొక్కటే. కథ బయటికి పొక్కుతుందని తెరంతా నలుపు చేసి, ముఖం దగ్గర మాత్రం గుండ్రంగా కన్నం వదిలారు. ఎవరితో మాట్లాడుతోందో, ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే డబ్బింగ్ చెప్పాను. నువ్వు చూసి ఎలా ఉందో రాయి. ఉన్నదున్నట్టు రాయి. నా మొహం చూసి రాయకు" అన్నావు. నీ మొహం ఇక్కడ లేదు కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

బాగాలేదమ్మా.

ఒక్క ముక్కలో చెబితే అంతే. కానీ మా మాస్టారు ఒక్క ముక్కలో చెప్పనివ్వరు. "బాగాలేదనడానికి చదువెందుకు? ఎక్కడ బాగాలేదో చెప్పడానికే చదువు" అంటారు. మొన్న క్లాసులో పాత్రౌచిత్యం అనే మాట చెప్పారు. ఒక మనిషిని మొదట ఎలా పుట్టించామో, తర్వాత ఆ మనిషి ఏం చేసినా ఆ పుట్టుకలోంచే రావాలట. ఆ మాట ఎంత నచ్చిందంటే, హాస్టల్ మెట్లెక్కుతూ కూడా పైకే అనుకున్నాను. వార్డెన్ ఆగి "ఎవరినే తిడుతున్నావు?" అని అడిగింది.

ఆ మాట పట్టుకునే మొదటి సినిమానీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిది నీకు తెలిసిందే అయినా రాయనీ, రాస్తేనే నాకు తేడా కనిపిస్తోంది. ఆకాశం చివర, బండరాళ్ళ మధ్య, దారిపోయే ఓడలకి ఒక దీపం. దాన్ని కాపలా కాసే ఒక పిల్ల. ఓడల దొంగ ఆ దీపం ఆర్పడానికి వస్తాడు, చివరికి మండే నక్షత్రంలో పడిపోతాడు. ఇంటికి వెళ్ళే ఆఖరి ఓడ వస్తుంది. పిల్ల సామాను సర్దుకుంటుంది కూడా. కానీ తను వెళితే దీపం ఆగిపోతుంది, వెనకొచ్చే ఓడలు రాళ్ళకి కొట్టుకుంటాయి. తలుపు దగ్గర నిలబడుతుంది. ఊపిరి తీసుకుంటుంది. "మీరు వెళ్ళండి. దీపం నేను చూసుకుంటాను" అంటుంది. తలుపు మూస్తుంది. అంతే సినిమా.

ఆ పిల్లకి వెళ్ళాలని ఉంది. అందుకే ఆ మాట అంత బరువుగా ఉంటుంది. నేను పుట్టకముందు నువ్వు చెప్పిన ఆ మాటని ఊళ్ళో సగం మంది ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కింటావిడ పొయ్యి మీద పాలు పెట్టి బజారుకి వెళుతుంటే వాళ్ళాయన కూడా అదే మాట అనేవాడు గుర్తుందా, "నువ్వు వెళ్ళు, దీపం నేను చూసుకుంటాను" అని? పాలు పొంగిపోయేవనుకో, అది వేరే సంగతి. టీవీలో ఆ సీను వచ్చిందంటే నాన్న సౌండ్ పెంచేవాడు, నువ్వేమో బట్టలు మడతపెట్టే నెపంతో వెనక గదిలోకి పోయేదానివి. ఆ మాట ముందరి ఊపిరి కోసి పారేద్దామని అందరూ అంటే, స్టూడియోలో సౌండ్ చూసే ఇంజనీరు బాబాయ్ ఒక్కడే అడ్డుపడ్డాడని చెప్పేదానివి. "తీసేస్తే మాట గోడలోంచి ఊడిపడ్డట్టుంటుందమ్మా. మనిషన్నాక పీల్చకుండా ఎలా మాట్లాడుతుంది? ఉండనీ" అన్నాడట.

ఇక రెండోది. విడుదలైన రోజే మధ్యాహ్నం ఆటకి లెక్కలమ్మని లాక్కెళ్ళాను. పక్క సీటాయన కూర్చోకముందే ఈల వేశాడు. మొదట్లో ఆ పిల్ల తాగే సొట్టగ్లాసు చూపించారు, హాలంతా చప్పట్లు. గోడకి వేలాడే పాత కోటు చూపించారు, మళ్ళీ చప్పట్లు. విరిగిన స్టూలుకి కూడా కొట్టారు. "ఇది సినిమానా, పాత సామాన్ల కొట్టా?" అని లెక్కలమ్మ నా చెవిలో అంది. అప్పటికి నాకు కోపం వచ్చింది. నేనూ స్టూలుకి చప్పట్లు కొట్టాను మరి.

నక్షత్రంలో పడి బూడిదైన దొంగ తిరిగొచ్చాడు. "నువ్వెలా బతికావు?" అని అడిగితే "అదో పెద్ద కథ" అంటాడు. ఆ పెద్ద కథ చివరిదాకా చెప్పడు. దీపానికి నూనె ఎక్కడిదో, ఇన్నేళ్ళు ఒంటరిగా ఆవిడ ఏం తిని బతికిందో ఎవరూ అడగరు. ఒక కుర్రపిల్ల దారితప్పి అక్కడ దిగుతుంది. చూడగా చూడగా ఆ పిల్ల దొంగ కూతురట. ఆ పిల్ల ఓడ నడిపేవాడు, మొదటి సినిమాలో ఆఖరి ఓడ ఎక్కినవాళ్ళ మనవడట. "ఇంత పెద్ద ఆకాశంలో ఒక్కళ్ళు కూడా పరాయివాళ్ళు లేరేంటే! అందరూ చుట్టాలే. దారితప్పారా, పెళ్ళికొచ్చారా?" అంది లెక్కలమ్మ. ముందు వరసలో వాళ్ళు కూడా నవ్వారు.

వాటన్నిటినీ నేను క్షమించేదాన్నే. కథలో చిల్లులుంటే మనిషి కప్పేస్తుంది. కానీ మనిషే లేదమ్మా. దీపం యంత్రాన్ని రాత్రంతా విప్పి, వేళ్ళు కాల్చుకుని బాగుచేసిన పిల్ల, ఈ సినిమాలో ఎవరో కుర్రాడు వచ్చి మీట నొక్కేదాకా చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఆవిడకి ఏం కావాలో ఎక్కడా లేదు. ఇంటికి వెళ్ళాలని ఉందో లేదో, ఉండిపోయినందుకు ఏనాడైనా ఏడ్చిందో లేదో, ఏమీ లేదు. మనకి గుర్తున్నవన్నీ ఆవిడ చేత మళ్ళీ చేయిస్తారు. పాత నవ్వు నవ్విస్తారు, పాత మాట అనిపిస్తారు. పెళ్ళివారొస్తే ముందు గదిలో కూర్చోబెట్టే బామ్మ లాగా ఉంది. అందరూ దణ్ణం పెడతారు, ఎవరూ పలకరించరు.

ఒక్క చోట తప్ప. నువ్వు అడిగిన నవ్వు సంగతి అదే.

"మధ్యలో ఒకచోట ఆవిడ చిన్నగా నవ్వి 'సరేలే, రేపు చూద్దాం' అంటుంది. ఎదురుగా ఎవరో పసిపిల్ల ఉండి ఉంటుందనుకున్నాను. నువ్వు చెప్పులు ఎడంది కుడికీ, కుడిది ఎడమకీ వేసుకుని నేనే వేసుకున్నానని చూపించేదానివే, అది తలుచుకుని నవ్వాను. సరిపోయిందా?" అని రాశావు. అమ్మా, ఎదురుగా పసిపిల్ల లేదు. దీపం అద్దం తుడిచే ఒక తుప్పుపట్టిన యంత్రం ఉంది. దాని చెయ్యి ఊడిపోయి, గాలిలోనే తుడుస్తూ ఉంటుంది. లెక్కలమ్మ తర్వాత అదే సీను ఒరిజినల్ భాషలో ఫోన్లో చూపించింది. అక్కడ ఆవిడ ఈసడింపుగా నవ్వుతుంది, దీనికి పనైపోయిందన్నట్టు. ఆ "రేపు చూద్దాం" అంటే రేపు పారేద్దాం అని.

మన భాషలో మాత్రం ఆ యంత్రం ఆవిడ బిడ్డ అయిపోయింది.

హాలు మొత్తం సినిమాలో అక్కడొక్కచోటే నిశ్శబ్దం అయింది. ఈలల ఆయన కూడా ఆగిపోయాడు. ఆ ఒక్క నవ్వుతో ఇన్నేళ్ళు ఆవిడ అక్కడ ఎలా బతికిందో నాకు అర్థమైంది. మాట్లాడని దాన్ని సాకుతూ, రోజూ దానికి రేపు చెబుతూ బతికింది. కథ రాసినవాళ్ళకి తట్టనిది అది. నీకూ తెలిసి చేసింది కాదు. తెర నల్లగా ఉండబట్టి నువ్వు పొరబడ్డావు, పొరబడి నన్ను తెచ్చి అక్కడ నిలబెట్టావు. చెప్పులు తిరగేసి వేసుకున్న నన్ను చూసి, దూరంగా ఎక్కడో హాల్లో ఇంతమంది ఈలలు మానేశారంటే నాకు ఎలాగో ఉంది.

"నా గొంతు ముసలిదైపోయిందా?" అని కూడా అడిగావు. అయింది. అంచుల్లో కొంచెం గరుకు వచ్చింది, మాట చివర సన్నగా జారుతోంది. ఉతికి ఉతికి మెత్తబడిన దుప్పటి లాగా ఉంది. కొత్తది ఇచ్చినా ఎవరూ మార్చుకోరు అలాంటి దుప్పటిని.

ఇంతవరకూ బాగానే రాశాను. ప్రతిసారీ ఇక్కడికొచ్చే చింపుతున్నాను.

నీ ఉత్తరంలో రెండు సంగతులు చివర్లో, ఏదో మర్చిపోయి రాసినట్టు రాశావు. ఒకటి, మూడో భాగం వస్తోందనీ, నువ్వు స్టూడియోకి రానక్కర్లేకుండా నీ గొంతుని కంప్యూటర్లో దాచిపెట్టి, అచ్చం నీలాగే యంత్రం చేత చెప్పించుకుంటామనీ కంపెనీవాళ్ళు కాగితాలిచ్చారనీ, ఈ నెలాఖరుకి సంతకం పెట్టాలనీ. "నువ్వు చదువుకునేదానివి, చూసి చెప్పు" అని ఆ కాగితంలో ముక్క ఎత్తిరాసి పంపావు. రెండోది, "చివరి సీను మాత్రం నాతో చెప్పించలేదు. ఆవిడకి అక్కడ మాటలు లేవు కాబోలు. ఉన్నాయా?" అని.

ఉన్నాయమ్మా.

చివర్లో ఆవిడ ఆ కుర్రపిల్లకి దీపం అప్పగించి తలుపు దగ్గర నిలబడుతుంది. ఈసారి ఓడ ఎక్కేది తను. వెనక్కి తిరిగి, "దీపం ఇక నీది. నన్ను వెళ్ళనీ" అంటుంది. మొదటి సినిమాలో లేని మాట. కానీ గొంతు మొదటి సినిమాలోది. లేతగా, గరుకు లేకుండా, టీవీలో నాన్న సౌండ్ పెంచి వినే ఆ గొంతు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. నేను ఆ మాటకే ఏడ్చాను. నవ్వు దగ్గర కన్నీళ్ళు రాలేదు. ఈ మాట దగ్గర వెక్కివెక్కి ఏడ్చాను. లెక్కలమ్మ తన చున్నీ ఇచ్చింది. తెర మీద నీ పేరు పడితే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, "మా అమ్మ, మా అమ్మ" అని పక్క సీటాయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. హాస్టల్‌కి వచ్చి నీకు ఉత్తరం కూడా మొదలుపెట్టాను, "అమ్మా, సినిమా ఎలా ఉంటేనేం, చివరి మాటతో చంపేశావు" అని. అది పూర్తికాకముందే నీ ఉత్తరం వచ్చింది. ఆ చివరి వాక్యం చదివి నా ఉత్తరం చింపేశాను. నువ్వు అనని మాటకి, నీ గొంతు అనుకుని, నీ కడుపున పుట్టినదాన్ని నేను ఏడ్చాను.

మర్నాడు క్లాసు ఎగ్గొట్టి మళ్ళీ వెళ్ళాను. హాల్లో జనం పలచగా ఉన్నారు. సినిమా అంతా కళ్ళు మూసుకుని విన్నాను. ప్రతి మాటకి ముందూ నువ్వున్నావు. కొన్నిచోట్ల సన్నగా, కొన్నిచోట్ల ముక్కుతో, ఒకచోట జలుబు చేసినట్టు కూడా. చివరి సీను వచ్చింది. తలుపు చప్పుడైంది. నేను ఊపిరి కోసం చూశాను. రాలేదు. మాట వచ్చేసింది. ఇంజనీరు బాబాయ్ అన్నట్టు, గోడలోంచి ఊడిపడ్డట్టు. చుట్టూ ఎవరో ముక్కు చీదుకుంటున్నారు. నేను మాత్రం కళ్ళు తెరిచాను. అందమైన మాటేనమ్మా, అబద్ధం ఎందుకు. అన్నవాళ్ళే ఎవరూ లేరు.

అప్పుడు నువ్వు పంపిన ముక్క మళ్ళీ చదివాను. మూడో భాగం గురించే కాదు, "ఇదివరకు వాడిన వాటికి కూడా" అని ఉంది అందులో. నువ్వు చూడలేదా, చూసి నోరు మెదపలేదా? వాళ్ళు నీ గొంతు తీసుకోవడానికి అనుమతి అడగడం లేదు. తీసేసుకున్నారు. ఇప్పుడు దొంగతనానికి నీ చేత బొట్టు పెట్టించుకుంటున్నారు.

నాన్న అన్న మాట ఇదీ: "సినిమాకి వెళ్ళానే. చివర్లో మీ అమ్మ పాత గొంతు తెచ్చేసిందే! ఎలా తెచ్చిందో అడగాలి." ఆ సంతోషం విని నేను కుళాయి సంగతి అడిగాను. ఆయన నీ కంటే ముందు నీ గొంతుని ఇష్టపడ్డ మనిషి. నేను చెప్పలేను. నువ్వే చెప్పు.

లెక్కలమ్మకి చెబితే అది తేలిగ్గా తీసేసింది. "నువ్వు ఏడ్చావుగా. హాలంతా ఏడ్చింది. మరి ఇంక తేడా ఏంటి?" అంది. రెండు రోజులుగా తిండి దగ్గరా, నడిచేటప్పుడూ అదే ప్రశ్న. ఇప్పుడు నీకు రాస్తుంటే జవాబు దొరుకుతోంది. కంపెనీవాళ్ళ ఆ యంత్రానికి నీ పాత గొంతంతా తెలుసు. మనకి ఏది ఇష్టమో కూడా తెలుసు. అందుకే నన్ను ఏడిపించింది, స్టూలుకి చప్పట్లు కొట్టించిన చెయ్యే అది కూడా. కానీ నల్లతెర ముందు నిలబెడితే అది పొరబడదు. ఎదురుగా పసిపిల్ల ఉందనుకోదు. ఈసడించమంటే ఈసడిస్తుంది. మూడో భాగంలో ఆవిడ నోటివెంట పాతవన్నీ వస్తాయి, ఒక్కటంటే ఒక్కటి కొత్తది రాదు. ఆవిడ దగ్గర మిగిలింది నీ పొరపాటొక్కటే. అది కూడా పోతుంది.

సంతకం పెట్టాలో వద్దో నేను చెప్పను. ఆ కన్నంలోంచి నోరు చూస్తూ, కాళ్ళు లాగేదాకా నిలబడేది నువ్వు, నేను కాదు. ఇంట్లో కూర్చుని హాయిగా ఉందామని నీకు ఉంటే అది కూడా నీ ఇష్టమే. కానీ ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళి, చివరి మాట ఎవరు చెప్పారని ఒక్కసారి అడుగు. చీటీ మీద రాసి అడగొద్దు. స్టూడియోలో ఎవరేమన్నా గొంతు పాడవుతుందని "సరే" అని రాసి చూపించి వచ్చేస్తావు, నాకు తెలుసు. మాతో పోట్లాడకుండా, ఫోన్ మాట్లాడకుండా, నాకు జోలపాట కూడా రెండో వాక్యం దగ్గర ఆపేసి, ఇన్నేళ్ళు దాచుకున్న గొంతు కదా. ఎవరి కోసం దాచావు?

ఇంకొకటి అడుగుతాను. ఈ ఉత్తరం అందిన రోజు, రికార్డింగ్ ఉన్నా సరే, నాకు ఫోన్ చెయ్యి. తల్లి గొంతు గుర్తుపట్టలేనిదానివి నువ్వేం చదువు చదువుతున్నావే అని తిట్టు. క్లాసు ఎగ్గొట్టినందుకు వేరేగా తిట్టు. పిన్నివాళ్ళ ఇల్లు దద్దరిల్లేలా తిట్టు. నేను హలో అన్న తర్వాత ఏమీ మాట్లాడను, వాగుడుకాయనైనా సరే. నువ్వు ముక్కుతో ఊపిరి లాగడం వినబడగానే మంచం మీద సర్దుకుని కూర్చుంటాను.

నాన్నకి జోకులు చెప్పే బాధ్యత కొన్నాళ్ళు నేను చూసుకుంటాను. పిన్నికి నా నమస్కారాలు.

ఇట్లు,
పలక మీద మూడో గీత కోసం ఎదురుచూస్తున్న
నీ కూతురు,
వాగుడుకాయ